ఏడో ఇన్నింగ్స్‌లో దాలమ్మ

కాశీబుగ్గ బస్టాండు ఎదురు సందులో
పైకప్పు రేకుల గదిలో, పాత కంప్యూటర్లో
నాకొక బేస్‌బాల్ జట్టుంది.
ఆ ఆట నేనెప్పుడూ కళ్లారా చూడలేదు.
పలాసలో చూసినవాణ్ణీ ఎరగను.
అట్ట మీద బొమ్మ చూసి క్రికెట్టనుకుని సీడీ కొన్నాను,
తిరిగివ్వడానికి బద్ధకించాను.

అందులో నేను బ్యాటు పట్టను, బంతి విసరను.
ఎవరు ఆడాలి, ఎవరు కూర్చోవాలి,
అది రాస్తాను, అంతే.
పగలు జీడి ఫ్యాక్టరీలో చేసే పనీ అదే:
హాజరు పుస్తకం, షిఫ్టు పట్టీ, ఎర్ర పెన్ను.

పేర్లు మార్చుకోవచ్చని తెలిసిన రాత్రి
నోరు తిరగనివన్నీ చెరిపేశాను.
బాయిలర్ ముందు గొంతుక్కూర్చునే కూర్మారావు
ఇప్పుడు క్యాచర్.
బస్తాలు మోసే దండాసికి మూడో బేసు.
గుండూ బద్దా కంటిచూపుతో వేరుచేసే అక్కచెల్లెళ్లు
దూరపు గడ్డిలో, ఎగిరొచ్చే బంతుల కింద.
కాలితో మిషను తొక్కుతూ
ఎడంచేత్తో పిక్క పెట్టే దాలమ్మ
నా పిచ్చర్.

ప్రతి పేరు పక్కనా ఒక సన్నటి గీత.
నిండుగా ఉంటే పచ్చ, సగానికి పసుపు.
ఎర్రబడ్డాక కూడా విసిరిస్తే
వంపు తిరగాల్సిన బంతి
తిన్నగా నడిమధ్యకి వస్తుంది.
అవతలివాడు దాన్ని లైట్ల అవతలికి పంపుతాడు.
అందుకే డెబ్భై బంతులు దాటితే
మౌసు మీద నా వేలు నిలవదు.
ఎనభై.
తొంభై.
ఏడో ఇన్నింగ్స్‌లో దాలమ్మని దించేస్తాను.
నాలుగు రోజులు బెంచీ మీద.
ఐదో రోజుకి గీత మళ్లీ లేత అరిటాకు.
ఎంత తేలిక!
నిద్ర, తిండి, నడుం నొప్పి, మొగుడి దగ్గు,
అన్నీ ఒక్క గీతలో.

మనిషి దాలమ్మకి గీత లేదు.
వెతికాను.
జీడినూనె తిన్న వేళ్లలో,
బూడిద రాసుకున్న మణికట్టులో,
ఏమీ తెలీలేదు.
చివరికి బుట్టలో దొరికింది.
పొద్దున కొట్టిన పిక్కల్లో పప్పు గుండుగా వస్తుంది,
మూడు దాటాక బద్దలు, నాలుగున్నరకి నూక.
పదకొండు రోజులు లెక్క రాసి
గొప్ప మేనేజర్నయిపోయి
బుధవారం గడిలో ఆమె పేరు కొట్టేశాను.

గురువారం బల్ల ముందు నిలబడింది.
"ఏటి బాబూ, నా పేరు కొట్టీసినావు?
నానేటి తప్పు సేసినాను?"
రెస్టు, అన్నాను. బద్దలెక్కువవుతున్నాయి కదా, అన్నాను.
"రెస్టు నువ్విత్తావు గాని
కూలి ఎవులిత్తారు?"

తిత్లీ గాలికి పడిపోయిన
తన నలభై జీడిచెట్ల సంగతి ఆమె ఎత్తలేదు.
దండాసి చెప్పాడు, తర్వాత,
బస్తా దించకుండానే.

షావుకారుని అడిగాను.
వారానికొక రోజు, సగం కూలైనా.
"ఆటలాడుతున్నావేట్రా?" అని నవ్వాడు.
అవునని చెప్పలేకపోయాను.

ఆ రాత్రి తొంభై రెండో బంతి దగ్గర ఆట ఆపి
ఎన్నడూ తెరవని పేజీలన్నీ తెరిచాను.
గాయాలు. టిక్కెట్లు. గడ్డి ఖర్చు.
జీతాలు ఎక్కడో అడుగున ఉన్నాయి.
దాలమ్మ పేరు మీద వేలు పెట్టి
కిందికీ పక్కకీ చూసుకుంటూ పోయాను.
ఆడిన రోజులు, కూర్చున్న రోజులు,
రెండు వరసల్లోనూ ఒకటే అంకె.
బెంచీకి కోత లేదు.

రెండేళ్లుగా ఆడుతున్నాను ఈ ఆట.

బయట ఒడిశా వైపు పోయే గూడ్సు
చాలాసేపు పోతూనే ఉంది.
తెర మీద ఎర్రగీతతో దాలమ్మ
బంతి చేతిలో పట్టుకుని
నా వైపే చూస్తోంది.
పక్కన షిఫ్టు పట్టీ.
శుక్రవారం గడి ఖాళీ.
పెన్ను మూత ఎక్కడో పడిపోయింది.